ఓడ కొలత

ఇంకొక్క కారు మిగిలింది. లోమ్వి ఓడ డెక్కు మీద చూస్తే సైకిలు పట్టే సందు కూడా లేదు.

ఆస్లౌగ్‌కి అదేమీ పట్టినట్టు లేదు. నారింజ రంగు కోటు, మోకాళ్ల దాకా బూట్లు, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, యాభై ఏడేళ్ల వయసు. కార్ల వరసల మధ్య పక్కకు తిరిగి నడుస్తూ ముందున్న చేపల వ్యానుకు రెండు వేళ్లు చూపించింది. రెండు వేళ్లంటే రెండు జానలు ముందుకు రమ్మని. వ్యాను నడిపే షూర్ రెండంటే రెండే జానలు కదిలాడు. తర్వాత ఎర్ర కారు వైపు తిరిగి గుప్పిట మూసి తెరిచింది, పక్క అద్దం ముడవమని. ఆ వెనక బూడిద రంగు కారును వెనక్కి రమ్మని, చాలని, చక్రం తిప్పమని, మళ్లీ ముందుకు రమ్మని, అన్నీ ఒక్క మణికట్టుతోనే చెప్పింది. ఆ కారు వెళ్లి గోడ పక్కన ఒదిగింది. గోడకూ దానికీ మధ్య బొటనవేలు పట్టేంత చోటు మిగిలింది. నాలుగు వరసల్లో ఎక్కడెక్కడో పడివున్న జానెడూ బెత్తెడూ సందులన్నీ కదిలి వచ్చి ఒక్కచోట పోగయ్యాయి. డెక్కు చివర, ర్యాంపు పక్కన, ఒక కారంత ఖాళీ పుట్టింది.

ఎన్నేళ్లు చూసినా ఆ క్షణం నమ్మబుద్ధి కాదు. లేని చోటు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పైన చుక్కాని గదిలోంచి చూసే కెప్టెన్ హాల్వార్, ప్రతిసారీ ఆ సమయానికి కాఫీ కప్పు పెదాల దగ్గరే ఆపేసి కిందికి వంగి చూసేవాడు.

ఆ ఖాళీలోకి నీలం రంగు చిన్న కారు మెల్లగా వచ్చి ఆగింది. నడుపుతున్నది తోర్దిస్ టీచర్. డెబ్బై తొమ్మిదేళ్లావిడకి. స్కార్వోయ్ దీవిలో నలభై ఏళ్లలోపు వాళ్లను తప్ప అందరినీ ఆవిడే లెక్కల్లో ఏడిపించింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాలు, జలసంధి దాటి హెల్లేవిక్ ఆసుపత్రికి పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది.

కారు అద్దం నాలుగు వేళ్లంత కిందికి దిగింది.

"లెక్క సరిపోయిందా?"

"శేషం సున్నా, టీచర్."

టీచర్ నవ్వి తల ఊపింది. ఆస్లౌగ్ మొహం చలికో మరెందుకో ఎర్రబడింది.

నడుముకున్న వాకీటాకీలో హాల్వార్ గొంతు గరగరలాడింది. "ర్యాంపు ఎత్తనా? లేక ఇంకో ఇద్దర్ని తెచ్చి నా ఒళ్లో కూర్చోబెడతావా?"

"నీ ఒళ్లో చోటెక్కడిది? నీ పొట్టకే చాలట్లేదు."

ఓడ కదిలింది. కాగితాల ప్రకారం లోమ్వి ఇరవై ఎనిమిది కార్ల ఓడ. ముసలిది, పొట్టిది, తీరం పొడుగునా ఏ ఓడ మరమ్మతుకు పోతే దాని బదులు తిరిగే ఓడ. వీళ్ల సొంత ఓడ ట్యెల్డ్ యాభై కార్లది. దానికి డీజిలు ఇంజన్లు తీసేసి బ్యాటరీలు పెట్టడానికి యార్డుకి తీసుకుపోయి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లోనూ ఆస్లౌగ్ ట్రిప్పుకి ముప్ఫై, ముప్ఫై నాలుగు కార్లను ఈ ముసలిదాని మీదే ఎక్కించింది. ఆమె డ్యూటీ లేని రోజు ఐనార్ ఎక్కిస్తాడు. అతనూ ఆమె దగ్గర నేర్చుకున్నవాడే.

అవతలి ఒడ్డు చేరేలోపు ఆమె కోటు జేబులోంచి ఆఫీసు వాళ్లిచ్చిన టాబ్లెట్ పలక తీసి, తడి వేలిని తొడకి తుడుచుకుని, ఆ పూట లెక్క నింపింది. 'రేవులో మిగిలిపోయిన కార్లు' అని ఒక గడి ఉంటుంది. అందులో సున్నా పెట్టింది. ఆ గడిలో ఆమె ఇంకో అంకె వేసి పదకొండేళ్లయింది.

*

మంగళవారం ఆస్లౌగ్ యార్డుకి వెళ్లింది. డెక్కుకి కొత్త రంగు వేశాక కార్ల వరసలకు గీతలు గీస్తారు. గీసేముందు ఆ ఓడ మీద పనిచేసేవాళ్లు ఒకరొచ్చి చూసుకోవడం ఆనవాయితీ. ఆమె బదులు ఐనార్ ఓడ ఎక్కాడు. ఆమె రెండు సొరంగాలూ ఒక కొండా దాటి, వానలో కారు నడుపుకుంటూ పోయి, డాకు గట్టు మీద నిలబడి కిందికి చూసింది. చూసి, టోపీ తీసేసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలీదు.

నీళ్లన్నీ తోడేసిన పెద్ద కాంక్రీటు గుంతలో, కొయ్య దిమ్మెల మీద ట్యెల్డ్ నిలబడివుంది. పందొమ్మిదేళ్లు ఆమె ఆ ఓడ వీపు మీద నడిచింది. పొట్ట ఏనాడూ చూడలేదు. నీళ్ల కింద చాలానే ఉంటుందని ఆమెకి వినికిడిగా తెలుసు గానీ, ఇలా ఉంటుందని ఊహించలేదు. ఎర్రటి ఇనుము గుండ్రంగా వంగి ఇటు చివర మొదలై అటు చివరకి పోతోంది. ఫెర్రీకి ముందూ వెనకా ఉండవు కనక రెండు కొసలకీ రెండు పంకాలు, ఒక్కో రెక్క ఆమెకన్నా పొడుగు. కింద రంగు వేస్తున్న మనుషులు ఆ రెక్కల నీడలో తిరుగుతున్నారు.

ఆమె ఇనుప మెట్లు దిగి కిందికి పోయింది. చేతి తొడుగు తీసి అరచెయ్యి ఓడ పొట్టకి ఆనించింది. చల్లగా ఉంది. లోపలెక్కడో ఎవరో సుత్తితో కొడుతుంటే ఆ అదురు ఇనుములోంచి వచ్చి ఆమె మోచేతి దాకా పాకింది.

"అమ్మో! ఇంత దాన్నా నీళ్లు ఇన్నాళ్లూ మోసింది," అంది పైకే.

"నోరు మూసుకో, రంగు పడుతుంది." వెనకాల ఫోర్‌మన్ ఇంగ్వాల్ నవ్వుతున్నాడు. "ఏంటలా చూస్తున్నావు? మీ ఓడేగా."

"మా ఓడే. కానీ ఇన్నేళ్లూ నడుం పైనుంచే చూశాను."

"కొత్తగా ఏం పెట్టామో చూద్దువు గానీ రా."

పాత ఇంజను గదిలోకి తీసుకెళ్లాడు. నూనె వాసన లేదు. పీపాల్లాంటి డీజిలు ఇంజన్లు ఉన్నచోట బీరువాలంత బ్యాటరీలు వరసగా నిలబడివున్నాయి, తొంభై ఆరు. క్రేను ఇంకొకదాన్ని పైకప్పు కంతలోంచి దించుతోంది. ఆ బరువు వచ్చి వాటి మధ్య చప్పుడు లేకుండా కూర్చుంది. రెండు పక్కలా వేలు పట్టే సందు. ఆస్లౌగ్‌కి ఆ క్రేను నడిపేవాడి చేతులు ఒకసారి చూడాలనిపించింది.

"రేవులో తొమ్మిది నిమిషాలు ప్లగ్గు పెడితే చాలు, ఇటూ అటూ తిరిగొస్తుంది," అన్నాడు ఇంగ్వాల్. "చప్పుడే ఉండదు. హాల్వార్ గురక పెడితే దీవంతా వినపడుతుంది."

పైన డెక్కు ఖాళీగా, పచ్చగా, తడిగా మెరుస్తోంది. ఇంత వెడల్పా! కార్లు లేకుండా దాన్ని ఆమె చూసింది తక్కువే. ఇంగ్వాల్ టేపు పట్టుకుని గీత గుర్తులు చూపించాడు.

"వరసకీ వరసకీ మధ్య అరవై సెంటీమీటర్లు. తలుపు తెరుచుకోవాలి కదా మరి."

"నేనెప్పుడు గీతలు చూశాను గనక."

"తెలుసులే. ఆఫీసులో నిన్ను సున్నా ఆస్లౌగ్ అంటారట."

ఆమెకి ఆ మాట తీపిగానే ఉంది. అప్పుడే గోడ పక్కన రెండు బల్లల మీద పడుకోబెట్టిన కొత్త బోర్డు కనిపించింది. నీలం మీద తెల్లక్షరాలు. ఓడ నెత్తిన, రెండు కొసలా బిగించే బోర్డు, ఏ రేవు నుంచి ఏ రేవుకో చెప్పేది. 'వోగ్‌సుంద్ – నేస్' అని ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. వోగ్‌సుంద్ ఉత్తరాన ఎక్కడో, ఆరు గంటల దూరం.

"ఇదెవరి ఓడకి?"

ఇంగ్వాల్ టేపు చుట్టడం ఆపేశాడు. "దీనికే. నీకు... ఎవరూ చెప్పలేదా?"

వాన రేకుల మీద పడుతోంది. పాత ఇనుము కుప్ప పక్కన, 'హెల్లేవిక్ – స్కార్వోయ్' అని రాసిన పాత బోర్డులు రెండూ నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని మూల పిట్టల రెట్టలు ఇంకా అలాగే ఉన్నాయి.

"వీటినేం చేస్తారు?"

"కరిగించడానికి పోతాయి."

"నేను తీసుకెళ్తా."

"రెండున్నర మీటర్లున్నాయి. నీ కారు చూశాను. పట్టవు."

"పట్టవన్న మాట నా దగ్గర అనకు, ఇంగ్వాల్."

డిక్కీలోంచి, సీట్ల మీదుగా, ముందు అద్దం దాకా వాలుగా పెడితే రెండూ పట్టాయి. పక్క సీటు తలుపు మాత్రం తెరుచుకోదు.

*

యార్డు గేటు బయట కారు ఆపి ఆఫీసుకి ఫోను చేసింది. తీరం పొడుగునా ముప్ఫై తొమ్మిది ఓడల్లో ఏ ఓడ ఏ రేవుకి పోవాలో చూసేవాడి పేరు గుటోర్మ్. చెడ్డవాడు కాదు. ఫోనులో ఎప్పుడూ భోజనం మధ్యలో లేచినవాడిలా మాట్లాడతాడు.

"ఆస్లౌగ్! నీ గురించే అనుకుంటున్నాం. లోమ్వి అంకెలు చూస్తే నాకు నమ్మకం కుదరలేదు. ఇరవై ఎనిమిది కార్ల ఓడ అనుకున్నాం, ముప్ఫై నాలుగు మోస్తోంది! ఆరు వారాల్లో ఒక్క కారు మిగల్లేదు. ఇన్నేళ్లూ మా కాగితమే తప్పన్నమాట."

"అందుకని ట్యెల్డ్‌ని తీసేసుకుంటారా?"

అవతల కుర్చీ కిర్రుమంది. "చూడు, వోగ్‌సుంద్‌లో రోజుకి నలభై కార్లు రేవులో మిగిలిపోతున్నాయి. మీ దగ్గర సున్నా. నా దగ్గరున్నది ఒక్క పెద్ద ఓడ. నా కుర్చీలో కూర్చుని నువ్వే చెప్పు, ఎక్కడికి పంపుతావు?"

"లోమ్వి మోసింది కాదది. అది..."

"అది నువ్వు బాగా చేస్తున్నావని, అంతేగా? నేననేదీ అదే."

పదకొండేళ్లుగా ఆమె పెట్టిన సున్నాలన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్లముందు నిలబడ్డాయి.

"గాలి లేస్తే లోమ్వి కదలదు. జనవరిలో మేమెలా దాటాలి?"

"గాలికి ఆగిన ట్రిప్పులది వేరే గడి. అదీ చూస్తాను." గుటోర్మ్ గొంతు కాస్త తగ్గింది. "సోమవారం మీటింగులో ఖరారు చేస్తాం. శుక్రవారం పొద్దున నేనే వస్తాను, ఎనిమిదింటి ట్రిప్పుకి. నా కళ్లతో చూస్తాను. సరేనా?"

ఆస్లౌగ్ ఫోను పెట్టేసింది. ఎవరో తన ఓడను దొంగిలిస్తే తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి? తన చేతుల్నా?

*

బుధవారం మొదటి ట్రిప్పుకి ముందు హాల్వార్‌కి అంతా చెప్పింది. అతను కాఫీ ఊదుకుంటూ విన్నాడు.

"అయితే రూలు ప్రకారం ఎక్కించు. అరవై సెంటీమీటర్లు వదులు. ఇరవై ఎనిమిది కాగానే చెయ్యెత్తు. నేను ర్యాంపు ఎత్తేస్తా."

"నువ్వు పైన కూర్చుని చెబుతావు. ఆ చెయ్యెత్తి మొహాలు చూడాల్సింది నేను."

"చెయ్యి అంత బరువా?"

"బరువే."

ఎనిమిదింటి ట్రిప్పుకి ఆమె నిజంగానే గీతల ప్రకారం మొదలుపెట్టింది. వరసకీ వరసకీ మధ్య మనిషి నడిచేంత చోటు. ఆమె కంటికి అది చిరిగిన చొక్కాలా ఉంది. ప్రతి సందూ పిలుస్తోంది. ఇరవై ఎనిమిదోది ఎక్కింది. రేవులో ఇంకా ఐదు కార్లున్నాయి. అన్నిటికన్నా వెనక, వైపర్లు ఆడుతూ, నీలం రంగు చిన్న కారు. లోపల టీచర్ చేతి గడియారం చూసుకుంటోంది. ఆసుపత్రి మిషను ఎవరి కోసమూ ఆగదు.

ఆస్లౌగ్ చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి ఆపడం మానేసి, మణికట్టు దగ్గర వంగి, రమ్మంది. ఆ తర్వాత అంతా మామూలే. రెండు జానలు ముందుకు, అద్దం ముడువు, చక్రం తిప్పు, చాలు. ఐదూ ఎక్కాయి. టీచర్ కారు చివర్న, గోడ పక్కన.

వాకీటాకీలో హాల్వార్ ఒక్క మాటే అన్నాడు. "సున్నా?"

"సున్నా."

జలసంధి మధ్యకి వచ్చాక ఆమె రెయిలింగు పట్టుకుని, కార్ల సందుల్లోంచి ఒరుసుకుంటూ నీలం కారు దగ్గరకి పోయింది. అద్దం దిగింది. టీచర్ మొహం పాలిపోయి ఉంది.

"శేషం సున్నా అని చెప్పడానికి వచ్చావా?"

"కాదు టీచర్. ట్యెల్డ్ ఇంక రాదట." బోర్డు సంగతీ, గుటోర్మ్ సంగతీ, సున్నాల సంగతీ గబగబా చెప్పేసింది. "వీళ్లందర్నీ నేను వదిలెయ్యలేకే కదా ఇలా అయింది. ఇవాళైనా చెయ్యెత్తుదామనుకున్నా. మిమ్మల్ని చూశాక ఎత్తలేకపోయాను."

టీచర్ స్టీరింగు మీంచి చేతులు తీసింది.

"ఆస్లౌగ్, ఆ తలుపు తియ్యి."

"ఏ తలుపు?"

"నాదే. తియ్యి."

ఆస్లౌగ్ సందులోకి చెయ్యి దూర్చి పిడి పట్టుకుని లాగింది. తలుపు బొటనవేలంత తెరుచుకుని గోడకి తగిలి ఆగింది.

"ఆరు వారాలైంది," అంది టీచర్. గొంతులో కోపం లేదు, పాఠం చెప్పేటప్పటి గొంతే. "ఈ ఓడ మీద నేను కారు దిగి ఆరు వారాలైంది. వెళ్లేటప్పుడు పరవాలేదు. వచ్చేటప్పుడు మిషను మీంచి లేచి వస్తాను కదా, కళ్లు తిరుగుతాయి. ఇరవై ఐదు నిమిషాలు ఇందులోనే బిగించుకుని కూర్చుంటాను. బాత్రూముకి పోవాలన్నా అంతే. ట్యెల్డ్ మీదైతే పైకి పోయి కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. వేడి వేడి స్వేలె అట్టు సగం తినేదాన్ని, సగం పొట్లం కట్టించుకునేదాన్ని."

"ఎందుకు చెప్పలేదు మీరు?"

"శేషం సున్నా అనేటప్పుడు నీ మొహం నీకు కనపడదు. మూడో తరగతిలో ఉన్నట్టే ఉంటుంది. పాడుచెయ్యబుద్ధి కాలేదు."

ఆస్లౌగ్ తల తిప్పి వరసల వెంట చూసింది. అన్ని కార్ల అద్దాలకీ లోపల్నుంచి ఆవిరి పట్టి ఉంది. ఒక కారులో చంటిపిల్ల సీటు బెల్టులోంచి జారిపోతూ ఏడుస్తోంది, తల్లి ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాపి నిమురుతోంది. ఒకడు స్టీరింగు మీదే రొట్టె పెట్టుకు తింటున్నాడు. ముప్ఫై మూడు కార్లు, ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆరు వారాలుగా ఈ నిశ్శబ్దాన్ని ఆమె తృప్తి అనుకుంది. సిగ్గుతో ఆమె చెవులు మండాయి.

"శుక్రవారం చెయ్యెత్తుతాను," అంది.

"నేను పెందరాళే వచ్చి ముందు నిలబడతాలే. నా గురించి చూసుకోకు. మిగతావాళ్లకి చెప్పనా?"

"వద్దు టీచర్. చెప్పి చేయిస్తే నాటకమవుతుంది. తిట్టేవాళ్లని తిట్టనివ్వండి."

*

శుక్రవారం వాన లేదు. కొండల వెనక ఆకాశం తెల్లబడుతోంది. గుటోర్మ్ ఆరున్నర ట్రిప్పులోనే దీవికి వచ్చి రేవులో నిలబడివున్నాడు. పొడుగాటి మనిషి, కొత్త బూట్లు, చేతిలో పలక. ఆస్లౌగ్ అతనికి చెయ్యి కలిపింది, అంతకుమించి మాట్లాడలేదు.

నీలం కారు మూడోదిగా ఎక్కింది. ఆస్లౌగ్ దాన్ని గీతల మధ్య ఆపింది. తర్వాతివి ఎక్కుతూ వచ్చాయి. ప్రతి కారుకీ ఆమె వేళ్లు అలవాటుగా జరగమని చెప్పబోయేవి. వాటిని గుప్పిట్లోకి లాక్కునేది. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.

తరవాతిది షూర్ వ్యాను. అప్పటికే గేరు వేసి ముందు చక్రాలు ర్యాంపు మీదికి తెచ్చాడు.

ఆస్లౌగ్ చెయ్యెత్తింది. అరచెయ్యి అతని మొహానికి ఎదురుగా.

షూర్ నవ్వాడు, ఆట అనుకుని. ఆమె చెయ్యి దించలేదు. హారను కొట్టాడు. చెయ్యి దించలేదు. అద్దం దించి తల బయటపెట్టాడు.

"ఏంటీ?"

"ఇవాళ ఇంతే, షూర్. వెనక్కి పోనీ."

"నీకు పిచ్చెక్కిందా, నాకు పిచ్చెక్కిందా? అక్కడ ఆరుగురు పడతారు! నాకే కనపడుతోంది!"

"నాకూ కనపడుతోంది."

"వ్యాను నిండా చేపలున్నాయి! హెల్లేవిక్‌లో లారీ తొమ్మిదింటికి పోతుంది!"

"తెలుసు. వెనక్కి పోనీ."

పదకొండేళ్లలో ఆమె వాడికెప్పుడూ ఆ మాట చెప్పలేదు. షూర్ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఏదో గొణిగి వ్యాను వెనక్కి తీశాడు. వాడి వెనక ఐదు కార్లు. ఒక దాంట్లో ఆమె చెల్లెలు బిర్గిత్ ఉంది, రెండు చేతులూ విప్పి ఇదేమిటన్నట్టు అడుగుతోంది. ఆస్లౌగ్ చూపు తిప్పుకోలేదు. హాల్వార్ ర్యాంపు ఎత్తేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచింది.

ఓడ కదిలింది. ఆమె ఇంక ఆ ఒడ్డు వైపు చూడలేక డెక్కు వైపు తిరిగింది.

అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి.

ముందు ఒకటి. తర్వాత పక్కది. తర్వాత ఏకంగా డెక్కంతా. జనం కార్లలోంచి దిగారు. వీపు విరుచుకున్నారు. మొన్న ఏడ్చిన చంటిపిల్లని తల్లి చంకనెత్తుకుని రెయిలింగు దగ్గరకి తీసుకుపోయింది. ఎవరో ఎవర్నో పిలిచారు, ఇంకెవరో నవ్వారు. కొండ భుజం మీంచి ఎండ జారి నీళ్ల మీద పడి, అక్కడినుంచి డెక్కు మీదికి ఎగబాకింది. ఒక సముద్రపు డేగ ఓడతో పాటే కాసేపు ఎగిరింది. అందరూ తలలెత్తి దాన్ని చూశారు. ఆరు వారాలుగా రోజూ ఇదే దారిన వచ్చారు, ఇదే ఎండ, ఇవే నీళ్లు, ఎవరికీ ఏదీ కనపడలేదు. తను కట్టిపడేసింది వీటన్నిటినీనా? ఎంత జనం! ఎంత బావున్నారు!

నీలం కారు తలుపు వెడల్పుగా తెరుచుకుంది. తోర్దిస్ టీచర్ ఒక కాలు దింపి, ఆగి, రెండో కాలు దింపింది. కార్ల బానెట్ల మీద చేతులు ఆనించుకుంటూ ఒక్కో అడుగే వేసి, మెట్లెక్కి, పైన కాఫీ గదిలోకి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

గుటోర్మ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆరు మిగిలాయి," అన్నాడు.

"ఆరు."

"సోమవారం ముప్ఫై నాలుగు ఎక్కించావు. ఇవాళ ఇరవై ఎనిమిది. ఆ వ్యాను వాడు అబద్ధం చెప్పలేదు, చోటు నాకూ కనపడింది. నేను దేన్ని నమ్మాలి?"

ఆస్లౌగ్ తొందరపడలేదు. తన ఎర్రటి, పగిలిన చేతులు ఒకసారి చూసుకుంది.

"రెండూ నిజమే. సోమవారం నువ్వు చూసిన అంకె నా చేతులది. ఇవాళ్టిది ఓడ కొలత. నాకు ఇంకో ఎనిమిదేళ్లకి పెన్షను వస్తుంది గుటోర్మ్. ఓడ ఇక్కడే ఉంటుంది. నువ్వు దేన్ని చూసి ఓడను పంపుతావు?"

గుటోర్మ్ డెక్కు మీద జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఒకాయన తెరిచిన తలుపు మీద మోచెయ్యి ఆనించి పొగ తాగుతున్నాడు.

"ముప్ఫై నాలుగు ఎక్కించినప్పుడు వీళ్లంతా ఎక్కడుండేవాళ్లు?"

"లోపల. తలుపులు తెరుచుకోవు."

అతను పలకని చంకలో పెట్టుకున్నాడు. దాదాపు మొహమాటంగా అడిగాడు. "వచ్చే ట్రిప్పులో ఒక్కసారి నీ పద్ధతిలో ఎక్కించి చూపించవా? అందరూ చెప్పుకుంటారు, నేనెప్పుడూ చూడలేదు."

"చూపించను. చూస్తే నువ్వు ముచ్చటపడతావు. ముచ్చటపడి మళ్లీ ముప్ఫై నాలుగని రాస్తావు."

పలక తీసి, తడి వేలిని తొడకి తుడుచుకుని, గడిలో 6 వేసింది. అంకె వేశాక పలక ఒకసారి అడిగింది, 'ఖాయమేనా?' అని. పదకొండేళ్లుగా దానికీ ఆ అవసరం రాలేదు. ఆమె అవునన్న చోట నొక్కింది.

హెల్లేవిక్‌లో జనం దిగాక హాల్వార్ టైం టేబులు చూడలేదు. ఖాళీ ఓడను అలాగే వెనక్కి నడిపి ఆ ఆరింటినీ తెచ్చాడు. షూర్ ర్యాంపు ఎక్కుతూ అద్దం దించాడు.

"లారీ వాడు అరగంట ఆగుతానన్నాడులే. ఆగకపోయుంటే ఈ చేపలన్నీ నీ చేతే తినిపించేవాణ్ని, పచ్చివి."

"పోనీలే, ఇవాళైనా దిగి కాళ్లు చాపుకో."

షూర్ గీతల మధ్య ఆగి ఇంజను ఆపాడు. తర్వాత వ్యాను తలుపు పూర్తిగా తెరిచి దిగాడు.

*

సోమవారం మధ్యాహ్నం హెల్లేవిక్ రేవులో కార్లు ఎక్కిస్తుండగా ఆమె జేబులో ఫోను మోగింది. ఇంగ్వాల్.

"గుటోర్మ్ ఫోను చేశాడు. ఆ కొత్త బోర్డులు విప్పెయ్యమన్నాడు. వోగ్‌సుంద్‌కి దక్షిణం నుంచి ఇంకో ఓడని వెతుకుతున్నారట, పాపం వాడికి ఈ వారం నిద్రుండదు. ఇప్పుడు నా బాధ వేరే. పాత బోర్డులు లేవు. కొత్తవి చేయించాలంటే మూడు వారాలు."

ఆస్లౌగ్ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. మాట వస్తే ఏడుపొచ్చేలా ఉంది.

"వింటున్నావా? నీ కారులో పెట్టుకుపోయావు కదా, ఉన్నాయా?"

"ఉన్నాయి. మా ఆయన ఆరు రోజులుగా వెనక సీట్లో మూలకి ఒదిగి కూర్చుంటున్నాడు."

"రేపు తెచ్చేస్తావా?"

"తెస్తా. పిట్ట రెట్టలు మాత్రం తుడవను."

ఫోను పెట్టేసి చూసేసరికి ఇరవై ఎనిమిదో కారు ఎక్కేసింది, ఆమె చెయ్యెత్తింది. ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్న నీలం కారు రెండో వరసలో, గీతల మధ్య నిలబడివుంది. టీచర్ మొహం బాగా వాడిపోయి ఉంది. అయినా అద్దం దించింది.

"శేషం ఎంత?"

ఆస్లౌగ్ రేవు వైపు చూసింది. అరచెయ్యి చూశాక ఆగిన కార్లు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎవరూ హారను కొట్టలేదు.

"నాలుగు, టీచర్."

"కరెక్టు," అంది టీచర్. తలుపు పూర్తిగా తెరిచి దిగింది.